మూడింటికి భూస్థాపన

ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో దగ్గర డుమాంగాస్. మధ్యాహ్నపు ఎండ. ఒక ఇంటి వరండాలో ఆ ఇంటి పెద్దావిడ, అవతలి దీవిలోని బకోలోడ్ నుంచి పడవలో వచ్చిన యువకుడు. అక్కడ పెద్దావిణ్ణి 'తియా' అని, కుర్రాణ్ణి 'తోతో' అని పిలుస్తారు.

"ఇంకాసేపు చార్జింగులో ఉండనీ తోతో. పడవలోనే ఆరిపోయిందన్నావు కదా ఫోను, దానికి ప్రాణం రావద్దూ? నువ్వు కూర్చో. ఆ పూలచక్రం అలా గోడకి ఆనించు."

"పర్లేదు తియా, నిలబడతాను. ఇది జెర్విన్ పలోమార్ ఇల్లేగా? బయట టెంటు లేదు, కుర్చీల్లేవు, శవజాగారానికి పేకాడేవాళ్ళు లేరు. చావిల్లంటే..."

"జెర్విన్ ఇల్లే. వాడు లేడు. ఇంతకీ నువ్వెవరు?"

"నోనిటో. జెర్విన్ స్నేహితుణ్ణి. అంటే, ఎప్పుడూ కలుసుకోలేదు. ఆటలో తెలుసు."

"ఓ, కంప్యూటర్లో నక్షత్రాల మధ్య ఓడలు తిప్పుతారే, ఆ ఆటా? మా వాడి ఎండ్రకాయల దండులో ఉన్నావా నువ్వు?"

"కాదండీ, చెరకు దండు. ఎండ్రకాయల మీద యుద్ధం చేసేది మేమే. అయినా చావు దగ్గర యుద్ధమేంటి తియా! వాళ్ళమ్మగారు పోయారని చెప్పగానే ఆపేశాం. ఇవాళ్టికి ఆరో రోజు. మూడింటికి భూస్థాపన అన్నాడుగా, మా అందరి తరఫున నన్ను పంపారు. మీరు ఆవిడ చెల్లెలా?"

"ఆ రిబ్బను మీద ఏం రాయించావు? నా కళ్ళజోడు లోపలుంది. చదువు."

"'లియోనీసా పలోమార్ గారికి, కన్నీళ్ళతో, చెరకు దండు.'"

"కన్నీళ్ళతోనా! బాగుంది. లియోనీసా పలోమార్ని నేనే."

"ఏంటి?"

"నేనే. జెర్విన్ తల్లిని. పొద్దున ఎండుచేపలతో రెండు పళ్ళేల అన్నం తిన్నాను."

"తియా, పరాచికాలొద్దు."

"గిల్లి చూడు."

"అమ్మ బాబోయ్... ఛీ! ఛీ ఛీ ఛీ! ఫోటో పెట్టాడు తియా! మీ ఫోటో, పక్కన కొవ్వొత్తి! మా దండులో ఒకమ్మాయి రియాద్‌లో నర్సు, డ్యూటీలో ఉండి ఏడ్చింది. సరుకుల ఓడలో వంటవాడొకడు నడిసముద్రంలో మీ కోసం జపమాల చెప్పాడు!"

"ఏ ఫోటో?"

"ఎర్ర గౌను, చెవిలో పువ్వు."

"అది నా అరవయ్యో పుట్టినరోజుది! పక్కన కేకుండాలే?"

"కేకు లేదు. కొవ్వొత్తే ఉంది. తియా, నా ఫోను..."

"ఉండవయ్యా! కన్నకొడుకే నన్ను చంపేశాడంటున్నావు, నీకేమో ఫోను గొడవ. కూర్చో ముందు. ఎందుకు చంపాడు నన్ను? అది చెప్పు."

"మా ఆటలో ఒక పద్ధతుంది. ఎక్కడా రాసిపెట్టింది కాదు. ఎవరింట్లో చావైనా సరే, భూస్థాపన అయ్యేదాకా రెండు పక్షాలూ ఓడల్ని ఇళ్ళకి తెచ్చేసుకుంటాయి. ఆ ఇంటివాడు కంప్యూటర్ ముందు కూర్చోలేడు కదా, వాణ్ణి కొట్టడం నిద్రపోయేవాణ్ణి కొట్టినట్టే. ఆ పద్ధతిని అడ్డం పెట్టుకుని ఆరు రోజులు తీరిగ్గా ఓడలు కట్టుకున్నాడన్నమాట మీ సుపుత్రుడు! అన్నం తినేవాడు చేసే పనేనా ఇది?"

"తిట్టు. ఇంకా తిట్టు, నాకు హాయిగా ఉంది. ఇదిగో ఇబోస్. ఆకు విప్పుకో, బంకబియ్యం మెత్తగా ఉడికింది. ఇదిగో మామిడిపండు ముక్క, నంజుకో."

"నాకొద్దు తియా. టైమెంతైంది?"

"గోడ మీద చూడు. రెండుంబావు."

"రెండుంబావేనా? పడవ ఆలస్యంగా వచ్చిందనుకున్నానే. సరే, అయితే ఇంకా టైముంది."

"దేనికి?"

"దేనికీ లేదు. తిరుగు పడవకి."

"మొదట్లో జెర్విన్ మీ చెరకు దండులోనే ఉండేవాడు కదూ? మిమ్మల్ని తెగ పొగిడేవాడు."

"వాడి పేరెత్తకండి! ఒకే కంచంలో తిన్నట్టుండేవాళ్ళం. మా గ్రహాల తాళాలన్నీ వాడి దగ్గరే ఉండేవి. తెల్లారేసరికి ఎండ్రకాయలకి తలుపులు బార్లా తీసేసి వాళ్ళలో కలిసిపోయాడు."

"నాతో వేరేగా చెప్పాడే. మీరే ముందు వాడి ఓడలు లాగేసుకుని వాణ్ణి బయటికి గెంటాలని చూశారట."

"అది... అది అందరం ఓటేసి చేశాం."

"ఓటేసి దోచుకున్నారు. భేష్. ఎవరి గిన్నె మూత తీసినా ఇదే కంపు. ఛీ."

"మా గిన్నెలో కంపేం లేదు తియా! ఆరు రోజులు ఒక్క గుండు పేల్చలేదు మేము. చావింటి మీద పడే జాతి కాదు మాది."

"ఒట్టు?"

"ఒట్టే."

"ఎవరి మీద?"

"మా అమ్మ మీద."

"అమ్మల మీద ఒట్లు వెయ్యడానికి మీకందరికీ భలే ధైర్యం నాయనా."

"ఫోను ఇస్తారా తియా? మీరు బతికున్నారని మా వాళ్ళకి చెప్పాలి. పాపం, ఏడుస్తున్నారు."

"ఆరు రోజులు ఏడ్చినవాళ్ళు ఇంకో అరగంట ఏడవలేరా? కాఫీ పెడతాను."

"వద్దు! కాఫీ వద్దు. ఫోను చాలు."

"ఆ చెమటలేంటి? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. ఆ మూసిన గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టుంది కదా? జెర్విన్ లేడన్నారు?"

"అది ఫ్రిజ్ మోత. పాతది. నోనిటో, ఇలా చూడు. నా మొహంలోకి చూసి చెప్పు. నువ్వు నిజంగా నా కోసమే వచ్చావా?"

"మరి! ఈ పూలచక్రం చూస్తున్నారుగా..."

"ముక్కూ మొహం తెలియని ముసలిదాని కోసం సముద్రం దాటి వచ్చావు. నా సొంత తమ్ముడు పక్క వీధిలో ఉండి గడప తొక్కడు. నువ్వు చెప్పింది నిజమైతే చాలా మంచివాడివి. ఇంకేమైనా ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పెయ్. నేనేమీ అనుకోను."

"ఇంకేం లేదు తియా."

"ఏమీ లేదా?"

"లేదు."

"సరే. మరి తిను."

"రెండూ ముప్ఫై అయింది. తియా... తియా, చెప్తాను. తిట్టకండి."

"చెప్పు."

"మూడింటికి పెట్టె మట్టిలోకి దిగుతుంది. జెర్విన్ సమాధి దగ్గరే ఉంటాడు, ఫోను కూడా ముట్టుకోడు. వాడు లేకపోతే ఎండ్రకాయల దండుకి చెప్పేవాడుండడు. ఆ పావుగంటలో మేం అరవైమందిమీ ఒక్కసారిగా మీద పడాలని..."

"ఇందాక ఏదో పద్ధతన్నావు?"

"పెట్టె దిగితే పద్ధతి తీరిపోయినట్టేగా, అన్నాడు మా నాయకుడు."

"మట్టి కప్పకముందే! మరి నువ్వెందుకొచ్చావు?"

"చూడ్డానికి."

"ఏం చూడ్డానికి?"

"పెట్టె. నిజంగా పెట్టె ఉందా, జెర్విన్ దాని పక్కనే ఉన్నాడా అని. ఏదైనా తేడా ఉంటే నేను కబురు పెట్టాలి. నా నుంచి కబురు రాకపోతే అంతా సవ్యంగా ఉందని సరిగ్గా మూడింటికి బయల్దేరతారు. వాడు వల పన్నాడు తియా! పెట్టే లేదు, చావూ లేదు, ఎక్కడో కంప్యూటర్ ముందే కాచుకుని కూర్చునుంటాడు! మా ఓడలన్నీ ఇళ్ళు వదిలి బయటికొస్తే ఒక్కటీ మిగలదు. అరవైమంది మూడేళ్ళ కష్టం! ఆ రియాద్ పిల్ల నిద్ర మానుకుని కట్టుకుంది తన ఓడల్ని. ఫోను ఇవ్వండి, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"నా కోసం ఏడ్చిన పిల్లేనా?"

"ఆ పిల్లే."

"ఆ పిల్ల కూడా మూడింటికి వస్తుందా, నా భూస్థాపన మీదికి?"

"వస్తుంది. అందరం ఓటేశాం."

"థూ!"

"ఉమ్మండి, కొట్టండి, ఫోను మాత్రం ఇచ్చెయ్యండి తియా!"

"నా పెట్టె కదిలిందో లేదో చూసి రమ్మంటే పూలు పట్టుకుని బయల్దేరావు. రిబ్బను మీద కన్నీళ్ళు కూడా రాయించావు. ఉండు, తెస్తాను... ఇంద, నీ ఫోను."

"మీ మేలు చచ్చినా మర్చిపోను తియా! ఇంకా పాతిక నిమిషాలుంది, అందర్నీ ఆపేస్తాను. వెలుగు, వెలుగు... ఆ, వచ్చింది... ఇదేంటి? మూడూ ఆరా? గోడ మీద ఇంకా రెండూ ముప్ఫై ఆరే కదా!"

"ఆ గడియారం అరగంట వెనక."

"అయ్యో, బయల్దేరిపోయారు! అయ్యయ్యో, ఎనభై మెసేజీలు... లోపల ఆ కేకేంటి? ఆ గదిలో ఎవరు?"

"మా వాడే. గెలిచినట్టున్నాడు."

"జెర్విన్ ఇంట్లోనే ఉన్నాడా! అయితే మీరూ? మీరూ ఇందులో ఉన్నారా తియా?"

"చావింటి మీదికి ఎవరూ రారురా, వాళ్ళూ మనుషులే కదా, అన్నాను వాడితో. 'వస్తారమ్మా, ముందు పెట్టె చూడ్డానికి ఒకణ్ణి పంపుతారు, చూడు' అన్నాడు. మీరు రాకపోయుంటే వాడి ఓడలు కదిలేవి కావు, మీది ఒక్కటి కూడా మునిగేది కాదు. నువ్వు గడప దగ్గరే నిజం చెప్పుంటే అప్పుడే ఫోను చేతిలో పెట్టేసేదాన్ని. చెప్తావేమో, ఇప్పుడు చెప్తావేమో అని ఇంతసేపూ నీ నోటి వంకే చూస్తూ కూర్చున్నాను."

"తల్లి అయ్యుండి, బతికుండగానే ఫోటో పక్కన కొవ్వొత్తి పెట్టించుకుంటారా! అసహ్యంగా లేదూ మీకు?"

"ఎందుకు లేదూ? వాడంటే అసహ్యం, నువ్వన్నా అసహ్యమే. కేకు కత్తిరించెయ్యమన్నది నేనే. పొద్దున గడియారం ముల్లు వెనక్కి తిప్పడానికి వాడు కుర్చీ ఎక్కితే, ఊగకుండా కింద పట్టుకున్నదీ నేనే. ఇక వెళ్ళు, పడవ వెళ్ళిపోతుంది. ఆ పూలచక్రం మాత్రం ఇక్కడే వదిలెయ్ తోతో. రేపు నేను నిజంగా పోయిన రోజున, నమ్మి వచ్చేవాడు ఒక్కడూ ఉండడు."