రెండు వేళ్లకి వచ్చిన పిన్ను

గేరుబాక్సు విప్పాలంటే ముందుగా ట్రాక్టరు ముందు తగిలించిన, మట్టి ఎత్తే లోడరు దించాలి. మండపేట షెడ్డులో మేస్త్రి ఒక్కడే కనిపించేసరికి ట్రాక్టరు యజమాని రాజుగారికి దిగులు పట్టుకుంది.

“నలుగురు మనుషులూ, గొలుసూ లేకుండా ఎలాగయ్యా? సరే, ఇంజను ఆపేశాను. ఈ పైపు విప్పెయ్యనా?”

“చెయ్యి తీసెయ్యండి రాజుగారూ! ఇంజనే ఆగిందండి, లోపల ఆయిలు ఇంకా తన్నుకుంటానే ఉంది.”

“లోడరు బకెట్టు నేల మీదే ఉందిగా?”

“ఉందండి, అది నిలబడ్డానికి స్టాండ్లూ దించాను. అయినా లివరు నాలుగువైపులా ఆడించండి, ఆయిలు ఒత్తిడి దిగిపోద్ది.”

ఆడించగానే లోపల బుస్సుమంది. లోడరుకున్న అంత పెద్ద ఇనుప చేతులు అంగుళం కిందికి కుంగాయి. రాజుగారు చప్పున లివరు వదిలేశారు.

“ఈ ముక్క తెలీకే మా అన్నయ్య చెయ్యి పోగొట్టుకున్నాడండి. ఇప్పుడు పైపులు విప్పుతాను. లోడర్ని ట్రాక్టరుకి పట్టి ఉంచిన ఈ పిన్ను మీరు లాగండి.”

“సుత్తి ఏదీ?”

“అక్కర్లేదండి. దాని మీద ఇప్పుడు బరువు లేదు.”

నిజమే, పిన్ను రెండు వేళ్లకే వచ్చేసింది. రెండోదీ అంతే.

“ఎవరూ అడ్డు లేరండి. ఎక్కి, మెల్లగా వెనక్కి పోనివ్వండి.”

ట్రాక్టరు వెనక్కి వచ్చేసింది. లోడరు మాత్రం కదలకుండా తన కాళ్ల మీద తను నిలబడింది. రాజుగారు దిగి, కాసేపు దాని చుట్టూ తిరిగారు.

“ఒక్క చేత్తో కొండని దించేశారు, మేస్త్రిగారూ!”

ఆయన నోట “గారూ” వినడం మేస్త్రికి అదే మొదటిసారి.