కిర్రుమనని కుర్చీ

ప్రివ్యూ హాల్లో లైట్లు వెలిగాయి. తాను తీసిన మొదటి సినిమా ఆడినంతసేపూ ఆవిడ తెరకు వీపు పెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంది. ఆవిడకి ఎదురుగా, తెరవైపు తిరిగి, సొంత థియేటర్లున్న మరిది.

"సొంత సినిమా కూడా చూడవా వదినా?"

"ఇన్నేళ్లూ రికార్డుల కంపెనీలో పాటలు ఎంచినదాన్ని. ఏదైనా చెవితోనే తేలుస్తాను."

"సినిమాలో ఆ తల్లి పాత్ర మాట్లాడకుండా కూర్చునే సీనులో వినడానికేముంది? అక్కడ పాట పెట్టు. లేదంటే నా థియేటర్లు ఇవ్వను."

"పెట్టను."

"పాటలు అమ్మే కదా పైకొచ్చావు! ఇప్పుడు చేదయ్యాయా?"

"పాట ఎక్కడ అక్కర్లేదో కూడా అక్కడే నేర్చుకున్నాను. సినిమా అంతా నీ కుర్చీ కిర్రుమంటూనే ఉంది అబ్బాయ్. ఆ సీనులో మాత్రం ఒక్కసారీ కిర్రుమనలేదు."

మరిది కదలబోయి, ఆగిపోయాడు.

"థియేటర్లు నీ దగ్గరే ఉంచుకో. సీను నా దగ్గరే ఉంటుంది."