నష్టం మాట

1946. మదనపల్లె ట్రావెలర్స్ బంగళాలో ఇన్‌కంటాక్సు ఆఫీసరు క్యాంపు. వరండాలో పుంగనూరు చింతపండు వ్యాపారి ఒకాయన, మద్రాసులో చదివి నిన్ననే తిరిగొచ్చిన ఆయన గుమాస్తా కూర్చుని ఉన్నారు.

"ఆరు నెలలు ఆడ ఏం నేర్పించినారప్పా నీకు?"

"ఇన్‌కంటాక్సు చట్టమంతా నేర్పించినారు శెట్టిగారూ. పరీక్ష పాసయినాను. ఈ సర్టిఫికెట్టు ఉంటే మీ తరఫున ఆఫీసరు ముందర నేనే మాట్లాడొచ్చు."

"నువ్వు యాల? నాకు నోరు లేదా?"

"పోయినేడాది మీ నోరే కదా మనల్ని ముంచింది. సరుకు తడిసి నష్టమొచ్చిందని పుస్తకంలో ఉండె. ఆఫీసరు వ్యాపారం ఎట్లుండాదని అడిగితే, బ్రహ్మాండంగా ఉండాదంటిరి."

"వాకిలి తెరిసుండె కదప్పా. బయట కలికిరి వ్యాపారస్తులు కూర్చోనుండిరి. నష్టమనే మాట వాళ్ల చెవిన పడితే రేపు నాకు సరుకు ఎవురిస్తారు?"

"దానికే అంత పన్ను పడె."

"పన్ను పోతే పోయె, పేరు నిలబడింది."

"ఈసారి రెండూ నిలబెడతా. మీరు నోరు తెరవకుండా ఉంటే చాలు. ఈ ఏడాది నష్టం ఎట్లొచ్చిందో కాగితాలు చూపించి నేను చెప్తాను."

"సరే. నేను మాట్లాడితే ఒట్టు."

లోపలినుంచి బంట్రోతు శెట్టిగారి పేరు పిలిచాడు. ఇద్దరూ లేచారు. అప్పుడే కలికిరి వ్యాపారస్తులు మెట్లెక్కి వరండాలోకి వచ్చారు.

"అప్పా, ఒక్క మాట."

"చెప్పండి."

"ఆ నష్టం సంగతి ఇంగ్లీషులో చెప్పు. ఆఫీసరుకు వస్తాది, కలికిరోళ్లకు రాదు."