ప్రెస్ దగ్గర మొదటి పాఠం

నేలకేసి చూస్తే ఏం వస్తుంది సార్? మెషీన్ ఇక్కడుంది. కొంచెం ముందుకు రండి. ఆఁ, అక్కడే.

ఏంటీ, నా దగ్గర నేర్చుకోవాలా అనా? మరింకెవరున్నారు! ఈ బ్యాగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరినా సరే, ముందు నెలరోజులు మెషీన్ మీద చెయ్యి పెట్టాల్సిందే. మా ఓనరు పెద్దావిడ రూలు. ఫలానా చోట మేనేజర్‌గా చేశానంటే ఆవిడ దగ్గర చెల్లదు.

మీ పాత ఫ్యాక్టరీలోనూ పని నేర్పేదాన్ని నేనే కదా. ఆర్డర్లు తగ్గగానే ముందు ఊడబీకింది నా ఉద్యోగమే. "తిండికే గతి లేకపోతే చదువులేంటమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను లెండి, ఏడవలేక.

కాళ్లావేళ్లా పడ్డానే! ఎలాగూ పని లేదు, ఖాళీగా కూర్చున్నవాళ్లకి ఇప్పుడే నేర్పిద్దాం సార్, రేపు పనికొస్తారని. విన్నారా? నేర్పే గదిలో అట్టపెట్టెలు పడేసి తాళమేశారు.

మా పెద్దావిడకి మాత్రం కష్టకాలం కాదా? కారు అమ్మేసి బస్సెక్కింది. అయినా నన్ను పిలిచి పనిచ్చింది. కుట్టేవాళ్లకి కొయ్యడం, కోసేవాళ్లకి కుట్టడం నేర్పించింది. గిరాకీ తిరిగొచ్చేసరికి అందరం సిద్ధం. మీ దగ్గరేమో, వంకరకోతల సరుకంతా వెనక్కొచ్చి పడింది. అప్పుడు మనుషుల కోసం పరిగెత్తారు. చేతులు కాలాక ఆకులు!

సర్లెండి, మీ ఫ్యాక్టరీ మూతపడితే పడింది. దానికి నేనేం ఏడవను.

మా చెల్లి సంగతి చెప్పండి.

అవును, అదే. కుట్టుమెషీన్ దగ్గర తన పనేదో తను చేసుకునే పిల్ల. కోసేవాణ్ణి పంపించేసి, దాన్ని తెచ్చి ఇలాంటి తోలు కోసే ప్రెస్ ముందు నిలబెట్టారు. "చూస్తూ ఉంటే అదే వస్తుంది" అన్నారట. రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితేనే బ్లేడు దిగాలి. అలా అయితే ఆలస్యమని ఎవరో ఒక బటన్‌ని టేపుతో నొక్కిపెట్టేశారు. అది ప్రమాదమని చెప్పే నాథుడేడీ? చెప్పేదాన్ని ముందే పంపించేశారుగా!

రెండు వేళ్లు సార్. కుడిచేతివి. ఆస్పత్రికొచ్చి మీరేమన్నారు? "పరధ్యానంగా ఉండుంటుంది." ఇప్పుడది కూతురికి జడ వెయ్యాలంటే నన్ను పిలుస్తుంది.

మన పాత సంగతి తెలుసు కాబట్టి, మిమ్మల్ని ఇంకొకరికి అప్పజెప్తానంది పెద్దావిడ. నేనే పట్టుబట్టాను. ఎందుకనుకున్నారు? నేర్పేటప్పుడు ఒక్క జాగ్రత్త మాట మింగేస్తే చాలు, మిగతాది మెషీనే చూసుకుంటుంది. పొద్దున బస్సులో దారంతా ఇదే ఆలోచన. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

అరెరె, వెనక్కి జరగకండి.

అన్నీ చెప్తాను. ఒక్కటీ వదలను. తప్పు చేస్తే మళ్లీ మళ్లీ చేయిస్తాను, ఒకప్పుడు మీ కింద పనిచేసినవాళ్ల ముందే. సగం మంది ఇక్కడే ఉన్నారు, చూశారుగా. చెల్లి కూడా. కోసిన ముక్కలు సరిచూసేది అదే. రోజూ దానికి చూపించి, అది ఊఁ అంటేనే మీరు ఇంటికెళ్లాలి.

పది వేళ్లతోనే వెళ్తారు లెండి. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా తలుచుకోండి, ఆ వేళ్లు నేను పెట్టిన భిక్ష. మంచిదాన్నని మాత్రం అనుకోకండి. నా కక్ష తీరలేదు, తీరదు కూడా.

ఊఁ, కానివ్వండి. రెండు చేతులూ.