ఎద్దు కడుపులో మా ఆయన

నా బిడ్డ ఇనుప ఎద్దును నాయన అనుకుంటుందేమో అన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. కర్నూలులో పాత ఇనుము బొమ్మల ప్రదర్శనకు పాత లారీల కమాను పట్టీలతో ఎద్దును చేస్తూ, మా ఆయన దాని కడుపులో కూర్చుని ఆఖరి రేకును లోపలినుంచే వెల్డింగ్ చేసుకున్నాడు.

“మూడు దినాలాయ, బయటికి రాప్పా.”

“ఎట్లొచ్చేది మే? ఫస్టు ప్రైజు ఎద్దును కోస్తే ప్రైజు వాపసు తీసుకుంటారంట.”

“ఎద్దు మాట్లాడతాదని ఇచ్చిరి, నీ పనితనానికి కాదు.”

“మాట్లాడేది నేనే గదా!”

“సరే, సంగటి ముద్ద ఎద్దు నోట్లో వేస్తాండా, పట్టుకో.”

“నంజుకునేదానికి ఊరిబిండి పచ్చడి యాడ?”

“ఎద్దు గొంతులో బోల్టుకు తగులుకునింది.”

“పాప ఏం చేస్తాండాది?”

“పొద్దున నీ తోక పట్టుకొని నాలుగడుగులు వేసింది.”

“నడిచిందా? ఇంగొకసారి నడిపించు మే, ఎద్దు కంటి తూటులోంచి చూస్తా.”

“ఇప్పుడు నడవదు. ఎద్దుకు ముద్దు పెడతాండాది.”

“ఆ పక్క గాదు, నా మొగం ఈ పక్క ఉండాదని చెప్పు!”

రేపు బిడ్డకు టీకా వేయించాలి, కోడుమూరు పోతున్నాను. ప్రదర్శనకు పోయేవాళ్ళు ఎద్దు కడుపు మీద తట్టి, తిన్నాడో లేదో కనుక్కోండి. ఎద్దా అన్నా పలుకుతున్నాడు. మీరు మాత్రం రామాంజీ అని పిలవండి.