తిన్నింటి ఫోన్లు

బిష్కెక్ బజారులో మేజోళ్ళు టోకున అమ్మే ఆవిడ కంటైనర్ కొట్టులోకి, సరుకు లెక్కల యాప్ అమ్మే మనిషి బిక్కుబిక్కుమంటూ అడుగుపెట్టాడు.

"ముందు రొట్టె తుంచుకో తమ్ముడూ. తర్వాతే మాటలు."

తుంచుకున్నాడు. ఆ ఊళ్ళో రొట్టెను కాదనకూడదు.

"మా యాప్ ఎలా ఉందక్కా?"

"బంగారం! మా కొట్ల వరసంతా దాంతోనే నడుస్తోంది."

"వరసంతానా? మీరు కొన్నది ఒక్క ఫోనుకే కదా!"

"ఒక్క ఫోనే మరి. టీ అమ్మే ఆవిడ బండికి కట్టేశాం. టీతో పాటు కొట్టుకొట్టుకీ తిరుగుతుంది."

"కొట్టుకో ఫోను ఉంటుందనుకుని ఫోనుకింత అని ధర పెట్టారక్కా మావాళ్ళు."

"మీవాళ్ళెప్పుడైనా బజారు మొహం చూశారా?"

"లేదు. కానీ అందరిచేతా కొనిపించు, లేదా ఆ ఫోనులో యాప్ ఆపేసి రా అన్నారు. రెండూ చెయ్యకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

"మా రొట్టె నోట్లో పెట్టుకుని ఆ మాటంటావా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"వాసాలు కాదక్కా, ఫోన్లు లెక్కపెట్టమన్నారు."

"ముందే చెప్తే రొట్టె పెట్టేదాన్నే కాదు."

"చెప్పనిచ్చారా?"

ఇంతలో టీ బండి గుమ్మంలోకి వచ్చింది. మేజోళ్ళావిడ తాడు విప్పి, ఫోను తీసి అతని చేతిలోనే పెట్టింది.

"కానియ్యి. ఆపెయ్యి."

నోట్లో రొట్టె ముక్క మింగలేక, కక్కలేక అతను అలాగే నిలబడిపోయాడు.