చెవి అంచులు

శేషుబాబు లారీ కింద పడి చనిపోయిన మూడు నెలలకి ఎస్తేరుకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగుంటే తీసుకెళ్లి పెంచుకుంటానని శేషుబాబు తల్లి రాజ్యలక్ష్మమ్మ కబురంపి, ఇవాళ మొట్టమొదటిసారి మాలపల్లెకొచ్చి దీనమ్మ గడప బయట నిలబడింది. లోపల నులకమంచం మీద దీనమ్మ కూతురు ఎస్తేరు, ఒళ్లో పసిది.

“లోపలికి రాండమ్మా. కుర్చీ కడిగిపెట్టా.”

“వద్దులే దీనమ్మా. ఇక్కణ్ణుంచే కనపడుతోందిగా.”

“ఒక్కసారి ఎత్తుకోండి. మీవాడి బిడ్డేగా.”

“తలంటుకొని గుడికి బయల్దేరాను. కారులో మా పనిమనిషి ఉంది, తీసుకెళ్లేదైతే అదొచ్చి ఎత్తుకుంటుంది. ముందు చూడనీ.”

“సూడండి! దబ్బపండు. మా పేటలో ఇంత ఎర్రటి పిల్ల పుట్టలా.”

“ఊఁ, ఎర్రగానే ఉంది. ఇట్లా ఉంటే ఇబ్బంది లేదు. మా చెల్లెలి మనవరాలు, పెంచుకుంటున్నామని చెబుతాం. ఎవరూ కాదనరు.”

“విన్నావా ఎస్తేరూ? కారుల్లో తిరుగుద్ది. నీ దగ్గరేముందే పెట్టడానికి? మిరపకోతకి పోతేగాని పొయ్యి ఎలగదు.”

“విన్నానమ్మా.”

“చూడమ్మాయ్, మళ్లీ పిల్లని చూస్తానంటూ మా గుమ్మంలోకి రాకూడదు.”

“సరే అత్తమ్మా.”

“అత్తమ్మా అనొద్దు.”

“సరేనండి.”

“బుగ్గ మీద అంత చుక్కేంటి?”

“దిష్టమ్మా. వచ్చినోళ్లంతా ఎరుపు, ఎరుపు అంటంటేనూ.”

“పుట్టినప్పుడు అందరూ ఎరుపే దీనమ్మా. తేలే రంగు చెవి అంచుల్లో తెలుస్తుంది. అమ్మాయ్, కాస్త వెలుగులోకి తిప్పు. ఆ గుడ్డ తియ్యి. ఇదేంటి?”

“ఏందమ్మా?”

“నల్లగా ఉందే! రెండోది చూపించు... అదీ అంతే. బొగ్గు.”

“ఆయన నలుపేగదండి.”

“ఆయనేంటి, ఆయన! వాడు మగాడు. పైగా వాడిది మా ఇంటి నలుపు, ఎవడూ అడగడు. దీన్ని చూస్తే ఎక్కడిదీ నలుపు అంటారు. ఏం చెప్పను?”

“అమ్మా, అమ్మా, ఆగండి! రోజూ సున్నిపిండి పెడితే...”

“సున్నిపిండితో పుట్టుక పోతుందా? మీ దగ్గరే ఉంచుకోండి. ఏయ్ డ్రైవర్, బండి తియ్యి.”

“అమ్మగారూ! ఒక్కమాట... పోయిందే. కారెక్కేసింది. నోటికాడికొచ్చిన కూడు. నిన్న నీళ్లు పోసేటప్పుడు నేను సూశాగా, ఎర్రగా, పలచగా ఉన్నయ్యే చెవులు! ఒక్క రాత్రిలో ఎట్టా మారినయ్యే?”

“కారు మలుపు తిరిగిందా?”

“తిరిగింది. ఏం?”

“నూనెగుడ్డ ఇటియ్యమ్మా. అంత కాటుక పూశా, పిల్లకి మండుద్దేమో.”